ఎక్కడి నుంచి వచ్చారో ముందే చెప్పండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు డాలస్‌లో ఉంటున్నారు. 68 ఏళ్ల నాన్నగారు, అమ్మగారు వచ్చే నెల హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా మీ దగ్గరికి రావాలి. నాన్నగారికి షుగర్ ఉంది. ఎబోలా, మార్బర్గ్, మెర్స్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బుల గురించి వచ్చే వార్తలు చూసి మీకు నిద్ర పట్టడం లేదు. విమానంలో ఒక్కరికి ఉన్నా గాలి ద్వారా అందరికీ అంటుకుంటుందా, విమానాశ్రయంలో జ్వరం పరీక్షలు చేస్తారు కాబట్టి ధైర్యంగా ఉండవచ్చా, లేక టికెట్లు రద్దు చేసుకోవాలా అని అడిగారు. సంక్రాంతికి ఎనిమిది నెలల పాపతో మీరూ ఇండియా వెళ్దామనుకుంటున్నారని చివర్లో రాశారు. నిజం చెప్పాలంటే నాకు అన్నిటికంటే ఎక్కువ పట్టింది ఆ చివరి వాక్యమే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

టికెట్లు రద్దు చేయవద్దు. ఎందుకు వద్దంటున్నానో కాస్త వివరంగా చెబుతాను. ఊరికే ధైర్యం చెప్పి పంపిస్తే మళ్లీ వార్త రాగానే మళ్లీ భయం వస్తుంది.

నేను వైద్యుణ్ని. మొదట జ్వరాల ఆసుపత్రిలో, తర్వాత 11 ఏళ్లు ఒక అంతర్జాతీయ విమానాశ్రయంలోని ఆరోగ్య విభాగంలో పనిచేశాను. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే. ప్రాణాంతకమైన జబ్బును ఒక దేశం నుంచి మరో దేశానికి విమానం మోసుకొస్తుంది, నిజమే. కానీ దిగిన ఊళ్లో అది పదిమందికి అంటుకుంటుందా, అక్కడితో ఆగిపోతుందా అన్నది ఎక్కువగా తేలేది విమానంలోనూ కాదు, విమానాశ్రయంలోనూ కాదు. ఆ రోగి మొట్టమొదట అడుగుపెట్టిన ఆసుపత్రిలో, మొదటి అరగంటలో.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ 2003 నాటి సార్స్ అనే ఊపిరితిత్తుల వైరస్ జబ్బు. ఆ ఏడాది ఫిబ్రవరి 21న చైనాలోని గ్వాంగ్‌జౌ నుంచి 64 ఏళ్ల వైద్యుడొకరు బంధువుల పెళ్లి కోసం హాంకాంగ్ వచ్చి ఒక హోటల్లో తొమ్మిదో అంతస్తులో దిగారు. గది నంబరు 911. ఆయన అక్కడ ఉన్నది ఒక్క రాత్రి. అప్పటికే ఒంట్లో బాగాలేదు. మరునాడు ఆసుపత్రిలో చేరారు, మార్చి 4న చనిపోయారు. ఆ ఒక్క రాత్రిలో అదే అంతస్తులో ఉన్న అతిథులకు ఆయన నుంచి వైరస్ సోకింది. వాళ్లలో ఎవరికీ ఆయనెవరో తెలియదు. లిఫ్టు దగ్గరో, నడవాలోనో ఎదురుపడి ఉంటారు, అంతే. తర్వాత ఎవరి విమానం వాళ్లు ఎక్కి హనోయ్, సింగపూర్, టొరంటో, వాంకూవర్ వెళ్లిపోయారు. కొన్ని నెలల్లో ప్రపంచమంతటా 8,000 మందికి పైగా జబ్బుపడి 774 మంది మరణించారు.

ఆ నగరాల్లో టొరంటో, వాంకూవర్ రెండూ కెనడావే. టొరంటోకు తిరిగి వచ్చిన పెద్దావిడ మార్చి 5న ఇంట్లోనే కన్నుమూశారు. రెండు రోజులకు, మార్చి 7న, ఆమె కొడుకు దగ్గు, జ్వరంతో ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాడు. పడకలు ఖాళీ లేక అక్కడే గంటల తరబడి ఉంచారు. మధ్యలో ఒక తెర, తెరకు అవతల గుండె జబ్బుతో వచ్చిన మరో రోగి. ఆ రోగికి సోకింది, ఆయన నుంచి ఆయన కుటుంబానికి, నర్సులకు, వైద్యులకు సోకింది. కెనడాలో సార్స్ వల్ల 44 మంది చనిపోయారు. అందరూ ఆ టొరంటో గొలుసులోని వారే.

సరిగ్గా అదే మార్చి 7న వాంకూవర్‌లో, అదే హాంకాంగ్ హోటల్లో బస చేసి వచ్చిన 55 ఏళ్ల మనిషి పెద్దాసుపత్రికి వచ్చాడు. ఆ రాష్ట్రపు ఆరోగ్య శాఖ అంతకుముందే ఆసుపత్రులకు ఒక హెచ్చరిక పంపి ఉంచింది. చైనా, హాంకాంగ్‌ల నుంచి వచ్చి తీవ్రమైన న్యుమోనియాతో ఎవరైనా కనబడితే జాగ్రత్తపడమని. పావుగంటలో ఆయనను విడిగా గదిలో ఉంచారు. దగ్గరికి వెళ్లిన సిబ్బంది అందరూ మాస్కులు, గౌన్లు వేసుకున్నారు. ఆయన నుంచి మరొకరికి సోకలేదు.

అదే హోటల్, అదే వైరస్, అదే దేశం, అదే రోజు. తేడా అంతా ఒక తెరకూ ఒక తలుపుకూ మధ్య ఉన్నదే. టొరంటో వైద్యులను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. వాళ్ల ముందుకు వచ్చిన కొడుకు అసలు విదేశమే వెళ్లలేదు, వెళ్లి వచ్చింది తల్లి. "ఈమధ్య ఎక్కడికైనా ప్రయాణం చేశారా" అని అడిగినా "లేదు" అనే చెప్పేవాడు. అందుకే నా దగ్గర పనిచేసిన యువ వైద్యులకు ఆ ప్రశ్నకు ఇంకో ముక్క కలిపి అడగమని చెప్పేవాణ్ని. "మీరు గానీ, మీ ఇంట్లోవాళ్లు గానీ?"

సార్స్‌లాగే 2014లో ఎబోలా విషయంలోనూ రెండు నగరాల కథ ఉంది. అందులో ఒకటి మీ డాలసే. జులై 20న లైబీరియా నుంచి వచ్చిన ఒక అధికారి నైజీరియాలోని లేగోస్ విమానాశ్రయంలో కుప్పకూలారు. కోటికి పైగా జనం ఉన్న నగరం అది. పైగా అప్పుడు ప్రభుత్వ వైద్యులు సమ్మెలో ఉన్నారు. ఆయనను ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. మలేరియా అనుకున్నారు. మలేరియా మందుకు తగ్గలేదు. ఎబోలా రోగులను కలిశారా అని అడిగితే కలవలేదన్నారు. అయినా డాక్టర్ అమేయో స్టెల్లా అడడెవో అనే వైద్యురాలికి అనుమానం తీరలేదు. లైబీరియా నుంచి వచ్చిన జ్వరం అన్న ఒక్క సంగతిని ఆమె వదల్లేదు. రోగి వెళ్లిపోతానని గొడవ చేశారు, ముఖ్యమైన సమావేశం ఉంది పంపించేయమని లైబీరియా వైపు నుంచి ఒత్తిడి వచ్చింది. ఆమె కదలనివ్వలేదు. ఆయన జులై 25న చనిపోయారు. ఆమెకూ సోకింది. ఆగస్టు 19న ఆమె కూడా పోయారు.

తర్వాత నైజీరియా ఆరోగ్య కార్యకర్తలు దాదాపు 900 మంది పేర్లు రాసుకుని, 21 రోజుల పాటు ఇంటింటికీ తిరిగి జ్వరాలు చూశారు. మొత్తం 20 మందికి వచ్చింది, 8 మంది పోయారు, అక్కడితో ఆగింది. అదే ఎబోలా పశ్చిమ ఆఫ్రికాలో మొత్తం మీద 11,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. లేగోస్‌లో ఆయన గనక ఆ రోజు ఆసుపత్రి గేటు దాటి ఉంటే ఏమయ్యేదో ఊహించండి. ఆమెను ఎప్పుడు తలచుకున్నా నా చేతులు వాటంతట అవే జోడించుకుంటాయి.

డాలస్‌లో అదే ఏడాది సెప్టెంబరు 20న లైబీరియా నుంచి బ్రస్సెల్స్, వాషింగ్టన్ మీదుగా ఒకరు వచ్చారు. ఎక్కేటప్పుడు జ్వరం చూశారు, లేదు. అబద్ధం కాదు, నిజంగానే లేదు. నాలుగు రోజుల తర్వాత మొదలైంది. 25 రాత్రి ఆసుపత్రికి వెళ్లారు. ఆఫ్రికా నుంచి వచ్చానని చెప్పారు, అది కాగితం మీదకు ఎక్కింది కూడా. కానీ చూసిన వైద్యుడి మనసుకు ఎక్కలేదు. యాంటీబయాటిక్ ఇచ్చి ఇంటికి పంపేశారు. 28న అంబులెన్సులో మళ్లీ తెచ్చారు, అక్టోబరు 8న చనిపోయారు. ఆయనకు సేవ చేసిన ఇద్దరు నర్సులకు సోకింది, ఇద్దరూ కోలుకున్నారు.

ఇక్కడ మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది, గమనించండి. డాలస్ వచ్చిన ఆయన ప్రయాణించిన విమానాల్లో ఒక్కరికీ సోకలేదు. ఒకే ఇంట్లో ఉన్నవారికి కూడా సోకలేదు. లేగోస్ విమానంలో ఆయన అప్పటికే జబ్బుగా ఉన్నా తోటి ప్రయాణికులకు సోకలేదు. ఎబోలా, మార్బర్గ్ గాలిలో తేలుతూ వచ్చి అంటుకునేవి కావు. జబ్బు బయటపడిన తర్వాత రోగి రక్తం, వాంతి, విరేచనం, చెమట వంటివి మన ఒంటికి, నోటికి, కంటికి తగిలితేనే వస్తాయి. అందుకే వాటి వల్ల ఎక్కువగా పోయేది ఇంట్లో సేవ చేసే ఆడవాళ్లు, నర్సులు, శవానికి స్నానం చేయించేవాళ్లు. పక్క వరుసలో కూర్చున్న మీ నాన్నగారు కాదు.

గాలి ద్వారా వచ్చేవి వేరు. ఫ్లూ, కోవిడ్, సార్స్, తట్టు (మీజిల్స్), క్షయ ఈ కోవలోవి. వీటి విషయంలో విమానం లోపలి గాలి గురించి జనంలో ఒక అపోహ ఉంది. డబ్బాలో పెట్టి మూసిన గాలిని అందరూ తిరగేసి పీలుస్తారనుకుంటారు. అలా కాదు. ఎగురుతున్న విమానంలో గాలి పైనుంచి దిగి, దాదాపు అదే వరుస దగ్గర కింద ఉన్న జాలీల్లోకి పోతుంది. ముందు నుంచి తోక దాకా ప్రవహించదు. అందులో సుమారు సగం బయటి నుంచి తీసుకున్న కొత్త గాలి. మిగతా సగం ఆసుపత్రి ఆపరేషన్ గదుల్లో వాడే, అతి సన్నని కణాలను కూడా పట్టే హెపా ఫిల్టర్ల గుండా వడపోసినది. గంటకు 20 నుంచి 30 సార్లు గాలి మారుతుంది. మన పెళ్లి మండపాల్లో, ఏసీ బస్సుల్లో అంత మారదు.

ఇదంతా ఎగురుతున్నప్పటి మాట. 1977లో అలాస్కాలో ఒక విమానం ఇంజన్ చెడి మూడు గంటలు నేల మీదే ఉండిపోయింది. గాలి ఆడించే యంత్రం ఆపేశారు. లోపల 54 మంది, వాళ్లలో ఒక యువతికి ఫ్లూ. మూడు రోజులు తిరిగేలోగా ప్రయాణికుల్లో 72 శాతం మంది మంచం పట్టారు. అందుకే నేను మాస్కు గురించి అడిగినవాళ్లకు ఇలా చెబుతాను. ప్రయాణమంతా కట్టుకోలేకపోతే కనీసం ఎక్కేటప్పుడు, తలుపు మూసి రన్‌వే కోసం ఆగినప్పుడు, దిగేందుకు అందరూ లేచి నడవాలో గుమిగూడినప్పుడు తప్పకుండా కట్టుకోండి. పైనున్న గాలి బుడిపెను మూయవద్దు, తెరిచే ఉంచండి.

ఎగురుతుండగా కూడా పక్కనున్న మనిషి దగ్గితే ఫిల్టరు ఏమీ చేయలేదు, అది ఒప్పుకోవాలి. తుంపర ఫిల్టరు దాకా వెళ్లేలోపే మన మొహం మీద పడుతుంది. 2003 మార్చి 15న హాంకాంగ్ నుంచి బీజింగ్ వెళ్లిన విమానంలో జ్వరంతో ఉన్న 72 ఏళ్ల వృద్ధుడి నుంచి 22 మందికి సార్స్ వచ్చింది. ప్రయాణం మూడు గంటలే. ఆయన ముందు మూడు వరుసల్లో కూర్చున్న 23 మందిలో 8 మందికి వచ్చింది. మిగతా చోట్ల కూర్చున్న 88 మందిలోనూ 10 మందికి వచ్చింది, అంటే దూరం కూడా పూర్తి రక్ష కాదు. కానీ అదే పరిశోధకులు చూసిన మరో విమానంలో జబ్బు లక్షణాలున్నవారు నలుగురు ఉన్నా ఒక్కరికే సోకింది. లక్షణాలు ఇంకా మొదలవని మనిషి ప్రయాణించిన మూడో విమానంలో ఎవరికీ సోకలేదు. 2020 మార్చి 1న లండన్ నుంచి హనోయ్ వెళ్లిన విమానంలో గొంతు నొప్పి, దగ్గుతో ఎక్కిన ఒక ప్రయాణికురాలి తర్వాత మరో 15 మందికి కోవిడ్ బయటపడింది, వారిలో 12 మంది ఆమె కూర్చున్న బిజినెస్ తరగతిలోని వారే. అప్పటికి మాస్కులు తప్పనిసరి కాలేదు. ఒకే రకం జబ్బు ఒక విమానంలో దావానలం, మరో విమానంలో దీపం. ఎవరు, జబ్బు ఏ దశలో, ఎంతసేపు, ఎంత దగ్గరగా అన్నవన్నీ కలిస్తేనే లెక్క.

ఇక విమానాశ్రయంలో జ్వరం చూసే యంత్రాలు. వాటి పక్కన నిలబడి పనిచేసినవాణ్ని కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను, వాటిని నమ్ముకుని నిశ్చింతగా ఉండవద్దు. ఏ అంటుజబ్బుకైనా పొదిగే కాలం ఉంటుంది, అంటే ఒంట్లో చేరినప్పటి నుంచి లక్షణాలు కనబడే దాకా పట్టే సమయం. సార్స్‌కు 2 నుంచి 10 రోజులు, ఎబోలాకు 2 నుంచి 21 రోజులు. ప్రపంచంలో ఏ మూల నుంచైనా మరో మూలకు ఒకటిన్నర రోజులో చేరుతున్నాం. వైరస్ ఒంట్లో ఉన్నా జ్వరం రాకముందే దిగిపోతాం. సార్స్ కాలంలో కెనడా విమానాశ్రయాల్లో లక్షలాది మందిని పరీక్షించారు. ఒక్క సార్స్ రోగి కూడా దొరకలేదు. మన దగ్గర తెలంగాణలో తొలి కోవిడ్ రోగి 2020 ఫిబ్రవరిలో దుబాయ్ నుంచి బెంగళూరులో దిగి, అక్కడి నుంచి బస్సులో హైదరాబాద్ వచ్చిన యువ ఇంజనీరు. జబ్బు నిర్ధారణ అయింది మార్చి 2న.

ఒక తెల్లవారుజాము నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. గల్ఫ్ మీదుగా వచ్చిన విమానం దిగింది. ఆఫ్రికాలో బోర్లు వేసే కంపెనీలో పనిచేసి వస్తున్న ముప్పై ఏళ్ల కుర్రవాడు యంత్రం ముందు నుంచి నడిచాడు. తెర మీద ఏమీ కనబడలేదు. వెళ్లవచ్చు. కానీ ఏసీ హాల్లో అందరూ చలికి చేతులు కట్టుకుని ఉంటే అతని చొక్కా మెడపట్టీ నీళ్లలో ముంచినట్టు తడిసి ఉంది. పాస్‌పోర్టు తీయబోతుంటే జేబులోంచి మాత్రల అట్ట జారి పడింది. పారాసిటమాల్. పది గూళ్లలో ఆరు ఖాళీ. నేను వంగి తీసి అతని చేతిలో పెట్టి, "ఏ ఊరు బాబూ?" అని తెలుగులో అడిగాను. అంతే, కళ్లలో నీళ్లు తిరిగాయి. "సార్, మా ఆవిడకు తొమ్మిదో నెల. జ్వరమని తెలిస్తే మీరు ఆపేస్తారని విమానంలో మింగాను" అన్నాడు. కూర్చోబెట్టి మాట్లాడి, ఆపడం కాదు నాయనా, బతికించడమని చెప్పి ఆసుపత్రికి పంపించాం. ఫాల్సిపారం మలేరియా, మలేరియాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది. అప్పటికే రక్తంలో బాగా ముదిరింది. ఇంకో రెండు రోజులు ఊళ్లో సెలైన్లు ఎక్కించుకుంటూ, ఆఫ్రికా మాట ఎత్తకుండా ఉండి ఉంటే మెదడుకు ఎక్కేది. తర్వాత నెలకు పసిబిడ్డ ఫోటో పంపాడు.

ఆ సంఘటన నుంచి రెండు సంగతులు గట్టిగా నమ్ముతాను. ఒకటి, ఆఫ్రికా నుంచి వచ్చినవాడికి జ్వరమంటే అందరికీ ఎబోలా గుర్తొస్తుంది, కానీ చంపేది చాలాసార్లు మలేరియా. ప్రపంచంలో ఏటా దాదాపు 6 లక్షల మంది దానితోనే పోతున్నారు. దానికి పరీక్ష ఉంది, మందు ఉంది, ఆలస్యమే శత్రువు. రెండు, భయపెడితే మనుషులు దాచుకుంటారు. పారాసిటమాల్ మింగి వస్తారు. యంత్రం కంటే నాలుగు మంచి మాటలే నాకు ఎక్కువమంది రోగులను చూపించాయి. విమానాశ్రయంలో ఆరోగ్య కౌంటరు ఉండాలి, తప్పకుండా ఉండాలి. కానీ అది పట్టుకోవడానికి కాదు. "రానున్న మూడు వారాల్లో జ్వరం వస్తే ఇలా చేయండి, ఈ నంబరుకు చెప్పండి" అని ప్రతి చేతిలో ఒక కార్డు పెట్టడానికి.

విమానాలే ఆపేస్తే పోలేదా అని కొందరు అంటారు. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు ఆ పని మన మీదే జరిగింది. చాలా దేశాలు ఇండియాకు విమానాలు ఆపేశాయి, మన సరుకులు వద్దన్నాయి. చనిపోయినవారు అరవై మంది లోపే. ప్లేగు విమానమెక్కి మరో దేశానికి వెళ్లలేదు. కానీ సూరత్ నుంచి లక్షలమంది రైళ్లలో పారిపోయారు. వాళ్లలో మరమగ్గాల మీద పనిచేసే మన తెలంగాణ చేనేత కుటుంబాలు ఎన్నో. అప్పుడు నేను జూనియర్ వైద్యుణ్ని, రైలు దిగినవారికి టెట్రాసైక్లిన్ పంచుతూ నిలబడ్డాను. సూరత్ నుంచే వచ్చారా అంటే "కాదు, బొంబాయి నుంచి" అనేవారు. చేతిలో సూరత్ టికెట్టు ఉండేది. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్‌ను గుర్తించి దాచకుండా లోకానికి చెబితే, బహుమతిగా వాళ్లకు దక్కింది విమానాల నిషేధం. నిజం చెప్పిన దేశాన్ని శిక్షిస్తే తర్వాతి దేశం చెప్పడానికి వెనకాడుతుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

అలాగని హద్దుల దగ్గర చేసేవన్నీ వృథా అనను. ఎల్లో ఫీవర్ చూడండి. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఉంది, మన దేశంలో లేదు. కానీ దాన్ని మోసే ఈడిస్ దోమ మన ప్రతి వీధిలో ఉంది, డెంగీ తెచ్చేది అదే. 2016లో అంగోలా నుంచి 11 మంది కార్మికులు ఆ జ్వరంతో చైనాకు తిరిగి వచ్చారు. అదృష్టం, అక్కడ దోమలు ఇంకెవరికీ అంటించలేదు. అందుకే మన విమానాశ్రయాల్లో ఆ దేశాల నుంచి వచ్చేవారిని పసుపు పచ్చ టీకా కార్డు అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. టీకా వేసుకున్న పది రోజులకు గాని కార్డు చెల్లదు. ఒక్కసారి వేసుకుంటే ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. కెన్యా వంటి దేశాలకు వెళ్లే మనవాళ్లు చివరి వారంలో పరుగెత్తి ఇబ్బంది పడతారు కాబట్టి ఇక్కడ రాశాను, మీ అమ్మానాన్నలకు ఇది అక్కర్లేదు.

దుబాయ్ గురించి మీరు మెర్స్ అని భయపడ్డారు. అది ఒంటెల నుంచి మనుషులకు వచ్చే వైరస్, 2012లో తొలిసారి గుర్తించారు. విమానాశ్రయంలో నాలుగు గంటలు కూర్చుని మరో విమానం ఎక్కేవారికి దాని భయం దాదాపు లేదనే చెప్పాలి. అయితే 2015లో దక్షిణ కొరియాలో జరిగింది చెబుతాను, అసలు ప్రమాదం ఎక్కడుంటుందో మళ్లీ తెలుస్తుంది. మీ నాన్నగారి వయసే, 68. వ్యాపారం మీద గల్ఫ్ దేశాలు తిరిగి మే 4న ఇంటికి చేరాడు. వారం తర్వాత జ్వరం. ఒకదాని తర్వాత ఒకటిగా ఆసుపత్రులు తిరిగాడు. మెర్స్ అని తేలింది మే 20న. అప్పటికి వార్డుల్లో పక్క పడకలవారికి, వాళ్లను చూడటానికి వచ్చిన చుట్టాలకు అంటుకుంది. మొత్తం 186 మంది, 38 మంది మరణం. ఆ విమానం ఏ పాపమూ ఎరుగదు. రోగి చుట్టూ పదిమంది బంధువులు కూర్చుని, నలుగురు పెద్ద డాక్టర్లకు చూపించుకునే అలవాటు మనకూ ఉంది. ఆ కొరియా వివరాలు చదువుతుంటే నాకు మన ఆసుపత్రి వరండాలే కనబడ్డాయి.

ఇప్పుడు మీ పాప సంగతి. వార్తల్లో కనబడే పెద్ద పేర్లకంటే మీ ఇంటికి దగ్గరగా ఉన్నది తట్టు. తట్టు ఉన్న పిల్లవాడు గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో వైరస్ ఉంటుంది. టీకా లేనివారు ఆ గదిలోకి వెళితే చాలామటుకు అంటుకుంటుంది. 2025లో అమెరికాలో తట్టు కేసులు 1992 తర్వాత ఎప్పుడూ లేనంతగా వచ్చాయి, టెక్సాస్‌లో పిల్లలు చనిపోయారు కూడా. అక్కడ మామూలుగా తొలి టీకా ఏడాది నిండాక వేస్తారు. కానీ విదేశీ ప్రయాణం ఉంటే 6 నుంచి 11 నెలల పిల్లలకు ముందే ఒక డోసు వేయాలని అక్కడి నియమాలే చెబుతున్నాయి. అది అదనపు డోసు, ఏడాది తర్వాత వేయాల్సినవి మళ్లీ వేయాలి. బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు మీ పిల్లల డాక్టరును అడగండి, వాయిదా వేయవద్దు. మీరిద్దరూ టైఫాయిడ్ టీకా కూడా అడగండి. పుట్టిన ఊరే కదా అని ధీమాగా వెళ్లి, పానీపూరీ తిని, టైఫాయిడ్‌తో అమెరికా తిరిగి వెళ్లినవారిని చాలామందిని చూశాను. ఏళ్ల తరబడి అక్కడ ఉన్నవారి పేగులకు ఇక్కడి నీళ్లు కొత్తే.

నాన్నగారికి ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేయించండి. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు వేయిస్తే సరిపోతుంది. షుగర్ ఉన్న పెద్దవారికి విమానంలో ఎబోలా కంటే ఫ్లూ వెయ్యి రెట్లు దగ్గరి ముప్పు. కిటికీ సీటు తీసుకోమనండి, నడవా పక్క సీటుకంటే అక్కడ మనుషుల రాకపోకలు తక్కువ. అయితే కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా గంటన్నరకోసారి లేచి నడవాలి, కాబట్టి పక్కన అమ్మగారు ఉండేలా చూడండి, లేవడానికి మొహమాటం ఉండదు. షుగర్ మందులు, ఇన్సులిన్ పెట్టెలో వేయకుండా చేతి సంచిలోనే ఉంచుకోవాలి. బయలుదేరే రోజున జ్వరం, దగ్గు ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. మాత్ర మింగించి ఎక్కించవద్దు. టికెట్టు తేదీ మార్చుకునే వీలుందో లేదో ముందే చూసుకుంటే ఈ నిర్ణయం తేలిక.

చివరిగా ఒక పని చేయండి. ఒక చిన్న కాగితం మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాయండి. ఏ తేదీన హైదరాబాద్‌లో ఎక్కారు, ఎక్కడ ఎంతసేపు ఆగారు, ఏ తేదీన దిగారు, ఏ మందులు వాడుతున్నారు, ఏ టీకాలు వేసుకున్నారు. దాన్ని పాస్‌పోర్టు కవరులో పెట్టండి. దిగిన మూడు వారాల్లో ఎవరికైనా జ్వరం వస్తే తిన్నగా ఆసుపత్రికి వెళ్లి బల్ల మీద కూర్చోకండి. ముందు ఫోన్ చేసి, "ఇండియా నుంచి ఫలానా రోజు వచ్చారు, జ్వరం ఉంది, ఎటువైపు నుంచి రమ్మంటారు" అని అడగండి. అక్కడికి వెళ్లాక రిసెప్షన్‌లో చెప్పింది నర్సుకు, నర్సుకు చెప్పింది డాక్టరుకు మళ్లీ చెప్పండి. ఇప్పటికే రాసుకున్నారు కదా అని ఊరుకోవద్దు, 2014లో మీ ఊళ్లో రాసుకున్నది రాసుకున్నట్టే ఉండిపోయింది. మీకూ జ్వరం వస్తే ఇదే వర్తిస్తుంది. మీరు ఎక్కడికీ వెళ్లకపోయినా "మా అమ్మానాన్నలు వచ్చారు" అని చెప్పాలి.

బోర్డింగ్ పాసుల్లో చిరిగిన ముక్కలు కూడా మూడు వారాలు పారేయవద్దని నాన్నగారికి చెప్పండి. ఆ విమానంలో ఎవరికైనా జబ్బని తర్వాత తేలితే ఆరోగ్య శాఖవారు మొదట అడిగేది సీటు నంబరే.